లాటిను ధాతువులు – రోమను భాషల పదసంపద

కాజీపేట జంక్షనులో రైలు కొరకు వేచియున్న విద్యార్థి ఒక్క గంటలో ఎన్ని లాటిను పదములు వినుచున్నాడో అతనికే తెలియదు. సికింద్రాబాదు, విజయవాడ, బల్హార్షా వైపులకు పోవు మార్గములు ఇచ్చట కలియుచున్నవి కనుక దీనికి జంక్షను అని పేరు వచ్చినది. జంక్షను అను మాటకు మూలము లాటినులోని 'యుంగెరె' అను క్రియ. దానికి 'కలుపుట' అని అర్థము. మన సంస్కృతములో 'యుజ్' ధాతువు ఉన్నది. యోగము, సంయోగము, యుక్తము అను మాటలు దాని నుండియే వచ్చినవి. యుజ్, యుంగెరె ఒకే వంశమునకు చెందినవి. స్టేషను అను మాటకు మూలము 'స్తారె', అనగా 'నిలుచుట'. మనకు స్థానము, స్థితి, స్థిరము అను మాటలనిచ్చిన 'స్థా' ధాతువు దానికి తోబుట్టువు. ఇంజను అను మాట లాటిను 'ఇంగెనియుం' నుండి వచ్చినది. దానికి 'పుట్టుకతో వచ్చిన ప్రతిభ' అని అర్థము. అందులోని 'గెన్', మన జననము, జన్మము అను మాటలలోని 'జన్' ఒకటే.

ఇదే ఊరిలో లాటిను ఒకప్పుడు నేరుగా కూడ వినవచ్చెడిది. 1952లో వరంగల్ కతోలిక డయోసిస్ ఏర్పడినది. దాని తొలి బిషప్పు ఇటలీ దేశీయుడైన అల్ఫోన్సో బెరెట్టా. కాజీపేటలోని ఫాతిమానగరులో ఆ డయోసిస్ కెథెడ్రల్ ఉన్నది. 1962 నుండి 1965 వరకు జరిగిన రెండవ వాటికన్ మహాసభ పిమ్మట ఆరాధన ప్రజల భాషలలోనికి మారినది. అంతకు పూర్వము పూజావిధి లాటినులో సాగెడిది. ఆ ఇటాలియను గురువుల మాతృభాష లాటినుకు బిడ్డ. వారి ప్రార్థన భాష ఆ బిడ్డకు తల్లి. ఆ తల్లిబిడ్డల పోలికను తెలిసికొన్నవానికి భాషలు నేర్చుట ఎంత సులభమగునో వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఎవరికి ఈ అవసరము?

ఇంటర్మీడియటులో ఫ్రెంచిని రెండవ భాషగా తీసికొను విద్యార్థులు మనలో ఉన్నారు. హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయములో ఫ్రెంచి, స్పానిషు మొదలగు భాషలు బోధింపబడుచున్నవి. గోదావరి తీరమందలి యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉండెను. అచ్చటి తెలుగువారికి పాలకుల భాషతో నిత్యమును పని ఉండెడిది. మారిషసులోని తెలుగువారు నేటికిని ఫ్రెంచి నుండి పుట్టిన క్రియోలును మాటలాడుచున్నారు.

అయినను మన విద్యార్థి చేయు పని యేమి? ఎడమవైపు పదము, కుడివైపు అర్థము వ్రాసికొని వల్లె వేయును. నూరు పదములు నేర్చునప్పటికి మొదటి ఇరువది మరచిపోవును. రెండవ భాషను చేపట్టినచో మరల మొదటికి వచ్చును. ఈ భారమునకు భయపడి భాషలనే విడిచిపెట్టువారు కలరు. ఆ భారములో అధికభాగము అనవసరమైనది.

ఒక తల్లి, పెక్కుమంది బిడ్డలు

రోమను సామ్రాజ్యము వ్యాపించిన చోటులకు లాటిను సైనికులతోను, వర్తకులతోను, వలస వచ్చిన వారితోను పోయినది. సామ్రాజ్యము విచ్ఛిన్నమైన పిదప ఒక్కొక్క ప్రాంతపు పలుకుబడి ఒక్కొక్క దారి పట్టినది. 813లో ఫ్రాన్సులోని తూర్ నగరమున సమావేశమైన మతాచార్యులు, బోధనలు ప్రజలకు అర్థమగు భాషలో చేయవలెనని నిర్ణయించిరి. అప్పటికే ప్రజల పలుకు గ్రంథముల లాటినుకు దూరమైనదని దీనివలన తెలియుచున్నది. ఇటాలియను, స్పానిషు, ఫ్రెంచి, పోర్చుగీసు, రుమేనియను ఆ విధముగ ఏర్పడిన ముఖ్య భాషలు. వీనినే రోమను భాషలందురు.

పందొమ్మిదవ శతాబ్దిలో ఫ్రీడ్రిక్ డీట్స్ అను జర్మను పండితుడు ఈ భాషలకు తులనాత్మక వ్యాకరణము రచించెను. దాని మొదటి సంపుటము 1836లో వెలువడినది. మాటలలోని ధ్వనులు ఇష్టము వచ్చినట్లు మారవనియు, ఒక కాలములో ఒక భాషలో ఒక ధ్వని ఒకే విధముగ మారుననియు ఇట్టి పరిశోధనల వలన స్థిరపడినది. ఈ క్రమమే మన విద్యార్థికి ఉపకరించునది.

మనకు తెలిసిన ఉదాహరణము

ఈ క్రమమును గ్రహించుటకు ఐరోపాకు పోనక్కరలేదు. తెలుగువాడు కర్ణాటకమునకు పోయినచో పాలు 'హాలు' అగును. పులి 'హులి', పాము 'హావు', పువ్వు 'హూవు', పల్లు 'హల్లు' అగును. అనగా తెలుగులో మాట మొదటనున్న పకారమునకు కన్నడమున హకారము కనిపించును. పూర్వము కన్నడములోను పకారమే ఉండెడిది; తరువాత అది హకారముగ మారినది. ఈ ఒక్క సూత్రము తెలిసినవాడు పదుల కొలది మాటలను ఒక్కమారుగా గుర్తింపగలడు.

స్పానిషులోను దాదాపు ఇట్లే జరిగినది. అచ్చట మాట మొదటనున్న లాటిను ఫకారము హకారమైనది. పిండి లాటినులో 'ఫరీన'. ఇటాలియనులోను అది 'ఫరీనా'యే. స్పానిషులో 'హరీనా'గ వ్రాయుదురు. ఇనుము లాటినులో 'ఫెర్రుం', ఇటాలియనులో 'ఫెర్రో', స్పానిషు వ్రాతలో 'హియెర్రో'. నేటి స్పానిషువారు ఆ హకారమును పలుకరు. వ్రాతలో మాత్రము అది నిలిచియున్నది. 'ఫుయెగో' (నిప్పు) వంటి కొన్ని మాటలలో పక్కనున్న ధ్వనుల వలన ఫకారము మారలేదు. సూత్రముతో పాటు దాని హద్దును కూడ తెలిసికొనవలెను.

మూడు ముఖ్య సూత్రములు

మొదటిది: లాటినులోని క్తకారము. ఈ పట్టికను గమనింపుడు.

రాత్రి: లాటిను నొక్తెం, ఇటాలియను నొత్తె, స్పానిషు నోచె, పోర్చుగీసు నోయ్తె, ఫ్రెంచి న్యుయి, రుమేనియను న్వాప్తె.
పాలు: లాటిను లక్తె, ఇటాలియను లాత్తె, స్పానిషు లేచె, పోర్చుగీసు లేయ్తె, ఫ్రెంచి లె, రుమేనియను లాప్తె.
ఎనిమిది: లాటిను ఒక్తో, ఇటాలియను ఒత్తో, స్పానిషు ఓచో, పోర్చుగీసు ఓయ్తు, ఫ్రెంచి యుయిత్, రుమేనియను ఒప్త్.

క్తకారము ఇటాలియనులో త్తకారము, స్పానిషులో చకారము, రుమేనియనులో ప్తకారము అయినది. పోర్చుగీసులోను ఫ్రెంచిలోను కకారము కరిగి ఇకారమైనది. 'న్యుయి', 'లె' అను ఫ్రెంచి మాటలను వ్రాయునప్పుడు చివర ఇకార తకారములు రెండును కనిపించును. పలుకుబడిలో తకారము పోయినది.

క్తకారము త్తకారమగుట మనకు క్రొత్త కాదు. సంస్కృతములోని 'భక్తి' తెలుగున 'బత్తి' అయినది. 'సప్త' ప్రాకృతమున 'సత్త'యై హిందీలోను ఉర్దూలోను 'సాత్' అయినది; అట్లే లాటిను 'సెప్తెం' ఇటాలియనులో 'సెత్తె' అయినది. వరంగల్ బజారులో ఉర్దూ లెక్క వినిన బాలునకు ఈ మార్పు చిరపరిచితము.

రెండవది: అచ్చుల నడుమ పకారము. ఇది ఇటాలియనులో నిలిచినది, స్పానిషు, పోర్చుగీసులలో బకారమైనది, ఫ్రెంచిలో వకారమైనది. తెలిసికొనుట ఇటాలియనులో 'సపేరె', స్పానిషులో 'సబేర్', ఫ్రెంచిలో 'సవ్వార్'. సబ్బు ఇటాలియనులో 'సపోనె', స్పానిషులో 'హబోన్', పోర్చుగీసులో 'సబావ్', ఫ్రెంచిలో 'సవోన్'. మన 'సబ్బు' పోర్చుగీసు దారిని వచ్చినను, అరబ్బీ 'సాబూన్' దారిని వచ్చినను, దాని మూలము లాటినులోని 'సాపో' అను మాటయే. అచ్చుల నడుమ కఠినమైన ధ్వని మెత్తబడుట మన 'ముఖము' – 'మొగము' జంటలోను కనిపించును.

మూడవది: మాట మొదట సకారముతో కూడిన సంయుక్తాక్షరము. బడి లాటినులో 'స్కొల', ఇటాలియనులో 'స్క్వోలా', స్పానిషులో 'ఎస్క్వేలా', ఫ్రెంచిలో 'ఎకోల్'. స్పానిషువారు ముందు ఒక ఎకారము చేర్చిరి. ఫ్రెంచివారును చేర్చిరి, పిమ్మట సకారమును విడిచిరి. కనుక ఎకారముతో మొదలగు ఫ్రెంచి మాట కనిపించినప్పుడు దాని ప్రక్కన సకారము చేర్చి చూడవలెను. 'ఎతా' లో 'స్టేటు'ను, 'ఎత్యూద్' లో 'స్టడీ'ని గుర్తింపవచ్చును. అన్ని మాటలకును ఇది చెల్లదు. ఎక్కువ మాటలకు చెల్లును.

మన పల్లెలలో పెద్దలు 'ఇస్కూలు', 'ఇస్టేషను' అనుట అందరును వినియుందురు. స్పానిషువారు 'ఎస్క్వేలా', 'ఎస్తసియోన్' అనుటకును, మన పెద్దలు 'ఇస్కూలు', 'ఇస్టేషను' అనుటకును కారణమొక్కటే. మాట మొదటనే రెండు హల్లులు కూడినప్పుడు నాలుక ఒక అచ్చును ఆసరాగా తీసికొనును. ఒకచోట దానిని తప్పని నవ్వుదురు. వేరొకచోట అదియే పాఠ్యపుస్తకములోని సరియైన రూపము.

తప్పుల పట్టిక మిగిల్చిన సాక్ష్యము

ఉపాధ్యాయులు ప్రత్యేకముగ గమనింపదగిన విషయమొకటి కలదు. 'ప్రోబుసు అనుబంధము' అను పేరుతో ఒక ప్రాచీన లాటిను పట్టిక మనకు దక్కినది. అందులో 227 అంశములున్నవి. ఫలానా రూపము ఒప్పు, ఫలానాది తప్పు అని వరుసగా చెప్పుటయే దాని పని. వ్రాసినది ఎవరో తెలియదు. బహుశః బడిపంతులే కావచ్చును. చెవికి 'ఆవురిస్' అనవలెనే గాని 'ఒరిక్ల' అనరాదని ఆయన హెచ్చరించెను. కంటికి 'ఒకులుస్' అనవలెనే గాని 'ఒక్లుస్' అనరాదనెను.

తరువాత జరిగినదేమి? చెవి ఇటాలియనులో 'ఒరెక్యా', స్పానిషులో 'ఒరేహా', ఫ్రెంచిలో 'ఒరెయ్', రుమేనియనులో 'ఉరెకె' అయినది. ఇవన్నియు ఆయన తప్పని కొట్టివేసిన 'ఒరిక్ల' సంతానమే. విద్యార్థులు చేసిన తప్పు గెలిచినది. పంతులు చెప్పిన ఒప్పు గ్రంథములలో మిగిలినది. అయినను ఆయన శ్రమ వృథా కాలేదు. ప్రజలు నిజముగ ఏమి పలికిరో తెలుపుటకు ఆయన దిద్దిన తప్పులే నేటి పండితులకు సాక్ష్యములైనవి. పరీక్షలో ఒప్పును నేర్పవలసినదే. కాని బాలుడు పలికిన తప్పునకు కూడ ఒక కారణముండునని, ఆ కారణమునకు కూడ శాస్త్రము కలదని గురుతుంచుకొనుట మంచిది.

తత్సమములు, తద్భవములు

తెలుగు వ్యాకరణము చదివిన విద్యార్థికి మరియొక అనుకూలము కలదు. సంస్కృతము నుండి వచ్చిన మాటలు మనకు రెండు రూపములలో ఉన్నవి. 'యాత్ర' తత్సమము, 'జాతర' తద్భవము. మూలమొక్కటే; అర్థములు వేరైనవి. 'శ్రీ' – 'సిరి', 'పుస్తకము' – 'పొత్తము' ఇట్టివే.

రోమను భాషలలోను ఇదే జరిగినది. కొన్ని మాటలు ప్రజల నోట తరతరములుగ నలిగి వచ్చినవి. మరికొన్ని తరువాతి పండితులు గ్రంథముల నుండి తెచ్చినవి. లాటిను 'కౌస' ఫ్రెంచిలో నలిగి 'షోజ్' (వస్తువు) అయినది. గ్రంథముల నుండి 'కోజ్' (కారణము) గ మరల వచ్చినది. స్పానిషులో 'దెరేచో' (తిన్ననిది, కుడిది, హక్కు), 'దిరెక్తో' (నేరుగా ఉన్నది) అను రెండును ఒకే లాటిను పదము బిడ్డలు. మొదటిదానిలో క్తకారము చకారమైనది. రెండవదానిలో చెక్కు చెదరలేదు. కనుక పైన చెప్పిన సూత్రములు తద్భవములకు వర్తించును గాని తత్సమములకు వర్తింపవు. తత్సమములు ఇంగ్లీషులోను చాలవరకు అట్లే ఉండుటచే వానిని గుర్తించుట మరింత తేలిక.

ఒక హెచ్చరిక అవసరము. తెలుగు మూలమున ద్రావిడ భాష. సంస్కృతమునకు బిడ్డ కాదు. తెలుగు ధాతువులను తమిళ కన్నడములతో పోల్చి 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఈ సంగతిని నిరూపించెను. 1961లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు ధాతువులపై రచించిన గ్రంథము ఈ శాస్త్రమును చాల ముందునకు నడిపినది. లాటినుతో చుట్టరికము సంస్కృతమునకే గాని తెలుగునకు లేదు. ఆ చుట్టరికము కూడ అక్కచెల్లెండ్రది, తల్లీబిడ్డలది కాదు. మనము సంస్కృతము నుండి తెచ్చుకొన్న మాటల ద్వారా మాత్రమే అది మనకు ఉపయోగపడును.

మోసపుచ్చు మాటలు

ధాతువు తెలిసినంతనే అర్థము తెలిసినదని నమ్మరాదు. తెలుగువాడు 'శిక్ష' అనగా దండనము అనుకొనును. హిందీలో అది విద్య. తెలుగున 'ఉపన్యాసము' సభలో చేయునది; హిందీలో అది నవల. మూలమొక్కటైనను దారులు వేరైనవి. అట్లే 'లార్గో' స్పానిషులో పొడవు, 'లార్జ్' ఫ్రెంచిలో వెడల్పు, ఇంగ్లీషులో పెద్దది. ఫ్రెంచి 'లిబ్రెరీ' గ్రంథాలయము కాదు, పుస్తకముల దుకాణము.

కొన్ని పాతమాటలు తొలగి క్రొత్తవి వచ్చినవి. గుఱ్ఱము లాటినులో 'ఎక్వుస్'. ఇది మన 'అశ్వ' శబ్దమునకు తోబుట్టువు. కాని ప్రజలు 'కబల్లుస్' అను వేరుమాటను వాడిరి. దాని నుండియే ఇటాలియను 'కవాల్లో', ఫ్రెంచి 'షెవాల్' పుట్టినవి.

పైకి ఒకే తీరుగనున్నను చుట్టరికము లేని మాటలును కలవు. స్పానిషు 'ముచో', ఇంగ్లీషు 'మచ్' రెండును 'చాల' అను అర్థమునిచ్చును. కాని వాని మూలములు వేరు. రూపము కలిసినంత మాత్రమున చాలదు. ధ్వనుల క్రమము కూడ కలియవలెను.

తరగతిలో ఒక ప్రయోగము

పై విషయములను పరీక్షించుటకు ప్రయోగశాల అక్కరలేదు. ఉపాధ్యాయుడు నల్లబల్లపై పాలు, రాత్రి, ఎనిమిది అను మాటల పట్టికను, పిండి, ఇనుము అను మాటలను వ్రాయవలెను. పిమ్మట 'చేయబడినది' అను అర్థముగల ఇటాలియను మాట 'ఫాత్తో' నిచ్చి, దాని స్పానిషు రూపమేమో ఊహింపుమని విద్యార్థుల నడుగవలెను.

వారు ఇట్లు ఆలోచింతురు. మొదటి ఫకారము హకారము కావలెను. త్తకారము చకారము కావలెను. 'లాత్తె' 'లేచె' అయినప్పుడు అకారము ఎకారమైనది. కనుక ఇచ్చటను కావలెను. ఫలితము 'హేచో'. నిఘంటువు తెరచి చూచినచో సరిగా అదే వ్రాతరూపము కనిపించును; పలుకునప్పుడు మాత్రము 'ఏచో'. ఫ్రెంచిలో 'లె' ఉన్నది కనుక 'ఫె' ఉండవలెను, అదియు ఉన్నది. చూడని మాటను ముందుగ చెప్పి, తరువాత సరిచూచుకొనుటయే శాస్త్రపద్ధతి. గ్రహణమును ముందుగ లెక్కించు జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు చేయు పని ఇట్టిదే.

నోటుపుస్తకమున ప్రతి పుటకు ఒక్క ధాతువును తీసికొని, ఎడమవైపు లాటిను రూపమును, దాని ఎదుట బిడ్డల రూపములను, క్రింద తెలిసిన ఇంగ్లీషు మాటలను వ్రాయవలెను. నిఘంటువులో 'నొక్స్' అను ప్రథమావిభక్తి రూపము మాత్రమున్నచో 'నొక్తెం' అను రూపమును కూడ చూడవలెను. బిడ్డలు ఎక్కువగా దాని నుండియే పుట్టినవి. వారమునకు ఐదు ధాతువులు చాలును. ఊహ తప్పిన మాటను కొట్టివేయక, దాని ప్రక్కన ఎర్రసిరాతో గుర్తు పెట్టవలెను. ఆ తప్పులే క్రొత్త సూత్రమును చూపును.

మరల కాజీపేట

ఈ ఊరి పేరులోనే ఒక చిన్న పాఠమున్నది. 'కాజీ' అరబ్బీ మాట. న్యాయము చెప్పువాడని అర్థము. స్పెయినును అరబ్బులు ఏలిన కాలములో ఆ మాటయే 'అల్' అను ఉపపదముతో కూడి స్పానిషులో 'అల్కాల్దె' అయినది. నేడది పురాధ్యక్షుని బిరుదు. ఊరిలోని ఫాతిమానగరు పేరు పోర్చుగల్ లోని ఫాతిమా పట్టణమును తలపించును; ఆ పట్టణము పేరు అరబ్బీ స్త్రీనామము. రోమను భాషలలోని మాటలన్నియు లాటినువి కావని చెప్పుటకు ఇంతకన్న దగ్గరి ఉదాహరణము మనకు అక్కరలేదు.

మేస్త్రీ అని పిలుచునప్పుడు పోర్చుగీసు 'మెస్త్రె' ద్వారా లాటిను 'మగిస్తెర్' ను, అనగా గురువును, పలుకుచున్నాము. అల్మారా తెరచునప్పుడు, ఒకప్పుడు ఆయుధములను దాచిన 'అర్మారియుం' ను తెరచుచున్నాము. పాద్రీ అనునప్పుడు 'పితృ' శబ్దమునకు తోబుట్టువైన 'పతెర్' ను స్మరించుచున్నాము. విదేశీభాష అనగా పూర్తిగా అపరిచితమైనదని భయపడు విద్యార్థి ముందుగ తన ఇంటిలోను, తన ఊరి స్టేషనులోను వినిపించు మాటలను ఏరి వ్రాసికొనవలెను. మొదటి పాఠములో సగము అతనికి అప్పుడే వచ్చియుండును.